మూషికాభివృద్ధి

తెలుగు పేరు లేని వస్తువేదీ గేటు దాటి లోపలికి రాకూడదని ఆ సంస్థలో ఒక నిబంధన పెట్టారు. సంస్థ అంటే డెల్టాలో పంటకాలువ పక్కన, మూతపడ్డ జనపనార మిల్లు స్థలంలో సర్కారు కట్టిన జీవశాస్త్ర పరిశోధనా సంస్థ. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దాయన ఒక గాజుగొట్టం పట్టుకుని, "దీన్ని తెలుగులో ఏమంటారు?" అని అడిగితే డైరెక్టరు త్రివిక్రమరావు గారు నీళ్ళు నమిలారు. ఆ నమిలిన నీళ్ళు అరిగేలోపే భాషాధికారి ఉద్యోగం ఒకటి పుట్టుకొచ్చింది. మాతృభాష మీద ప్రేమంటే అలా ఉండాలి మరి. ఆ పక్క బడిలో పిల్లలకు తెలుగు వాచకాలు సంక్రాంతి దాటినా అందకపోతే పోయె, ఫ్రీజరుకు మాత్రం 'అతిశీతల పేటిక' అని బోర్డు పడింది. గాజుగొట్టాల్ని గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజుకు పెట్టిన పేరు పలకలేక పనివాళ్ళు దాన్ని 'రుబ్బురోలు' అనడం మొదలుపెట్టారు. అదొక్కటే ఆ సంస్థలో అందరికీ అర్థమైన పేరు.

అక్కడ పనిచేసే శాస్త్రవేత్త డాక్టర్ పరంజ్యోతికి ఈ గొడవలు పట్టేవి కావు. ఆవిడ గొడవల్లా గ్రహణం మొర్రి. కడుపులో బిడ్డ ఎదిగేటప్పుడు పై పెదవి రెండు వైపుల నుంచీ వచ్చి మధ్యలో అతుక్కోవాలి. అంగిలీ అంతే. ఏ కారణం చేతనో అతుక్కోకపోతే పెదవి చీలికతో పుడతారు. ఎందుకు అతుక్కోదన్నదే ఆవిడ పరిశోధన.

కాలువ లాకుల దగ్గరి ఊళ్ళో నూకరత్నం అనే ఆవిడ ఉంది. ఆమె కొడుకు మొర్రితో పుట్టాడు. ఆపరేషను అయింది, పెదవి కలిసింది, పిల్లాడు చక్కగా అన్నం తింటున్నాడు. అత్తగారు అప్పాయమ్మ మాత్రం కోడల్ని తినడం మానలేదు. "గ్రహణం పూట గుమ్మం దాటొద్దంటే విన్నావా? కత్తిపీట ముందేసుక్కూచుని వంకాయలు తరిగావు. బిడ్డ మూతి కోసింది నువ్వే" అని వచ్చేపోయే వాళ్ళందరి ముందూ అనేది. నూకరత్నం ఆ రోజు వంకాయలు తరగలేదు. తరిగినా ఏమీ కాదని పరంజ్యోతి చెప్పింది. ఆ మాట కాగితం మీద రాసి, ముద్ర వేసి ఇమ్మని నూకరత్నం అడిగింది. రుజువు దొరకగానే ఇస్తానని పరంజ్యోతి మాటిచ్చింది.

రుజువు దాదాపు చేతిలోనే ఉంది. ఆ ఇంటిల్లిపాదీ రక్తం ఇచ్చారు. తప్పు కోడలిదే అని తేలుతుందన్న ధీమాతో అప్పాయమ్మ అందరికంటే ముందు చెయ్యి చాపింది. తీరా చూస్తే నూకరత్నం రక్తం నిక్షేపంలా ఉంది. పిల్లాడి జన్యువులో ఒక అక్షరం తప్పు పడింది, అదే తప్పు వాళ్ళ నాన్నకూ ఉంది, సాక్షాత్తూ అప్పాయమ్మకూ ఉంది. అప్పాయమ్మ కింది పెదవి మీద రెండు చిన్న గుంటలున్నాయి. ఆవిడ వాటిని అదృష్టరేఖలని చెప్పుకుంటుంది. మొర్రి వంశంలో నడుస్తోందనడానికి అది చిన్న గుర్తు.

అయితే ఆ అక్షరం తప్పే పెదవిని అతుక్కోనివ్వడం లేదని ఖాయంగా చెప్పాలంటే ఒక పరీక్ష జరగాలి. ఎలుకకూ మనిషికీ అంగిలి అతుకుపడే తీరు ఒక్కటే. అందుకని ఎలుక జన్యువును తీసుకుని, అందులో ఈ తప్పు పెట్టి, అది పనిచేస్తుందో చతికిలబడుతుందో చూడాలి. ఆ జన్యువును ప్లాస్మిడ్ అనే చిన్న వలయంలో ఇమిడ్చి, అరచేతిలో పట్టేంత వడపోత కాగితం మీద చుక్కగా వేసి, ఎండబెట్టి, వేరే ఊరి ప్రయోగశాల వాళ్ళు కవరులో పంపారు. చుక్కను నీళ్ళలో నానబెట్టి బాక్టీరియాకు అందిస్తే తెల్లారేసరికి కోట్లకు కోట్లు అవుతుంది. మార్చి ఆఖరుకు ప్రాజెక్టు గడువు. కవరు సరిగ్గా సమయానికి వచ్చిందని పరంజ్యోతి సంతోషపడింది.

సంతోషం గేటు దగ్గరే ఆగింది.

"ప్లాస్మిడ్డని రాసుందండి దీని మీద" అన్నాడు గేటు దగ్గరి నాగభూషణం. "ప్లాస్టిక్కు లోపలికి పంపొద్దని ఆర్డరండి, ఆయ్."

"అది ప్లాస్టిక్ కాదు నాగభూషణం, ప్లాస్మిడ్."

"మరేనండి. చిన్న సైజు అయ్యుంటదండి. సైజుతో మాకు పన్లేదండి. ఏదైనా తెలుగు పేరు రాయించుకు వచ్చేయండి, నేను చూడనైనా చూడనండి."

తెలుగు పేర్లు పెట్టేది భాషాధికారి సోమయాజులు గారు. ఆయన గదిలో ఫ్యాను 'విద్యుద్వ్యజనం'. ఆ పేరు పెట్టినప్పటి నుంచీ అది తిరగడం లేదు, ఫిర్యాదు రాసేవాడికి పేరు రాయడం రావడం లేదు. పరంజ్యోతి విషయమంతా చెప్పి, తనే ఒక పేరు కూడా సూచించింది: ఎలుక ఎదుగుదల జన్యువు.

సోమయాజులు గారు చేదు మాత్ర మింగినట్టు మొహం పెట్టారు. "ఎదుగుదల గ్రామ్యం తల్లీ. దూడలకూ పాదులకూ వాడుకునే మాట. రాజముద్ర పడే చోట అది నిలవదు. ఇక ఎలుక అన్న పదం ఫైల్లో పడితే ఫైలు కొరికినట్టుంటుంది. మూషికము అందాము. అభివృద్ధి అందాము. సవర్ణదీర్ఘ సంధి వచ్చి ఎంత శోభగా అమిరిందో చూడు: మూషికాభివృద్ధి. ఆ వెనకాల వలయ బీజసూత్రము. అయిపోయె."

"అభివృద్ధి అంటే జనం రోడ్లూ వంతెనలూ అనుకుంటారండీ. పరిశోధన దేని గురించో ఎవరికీ తెలియదు."

"తెలుగు జనం కోసం కాదమ్మా," అన్నారాయన జాలిగా, "నిఘంటువు కోసం."

ముద్ర పడింది. కవరు గేటు దాటింది. కానీ కొత్త పేరు పడ్డ ప్రతి వస్తువూ డైరెక్టరు గారి చూపులో పడి రావాలి. త్రివిక్రమరావు గారు ఆ వారమంతా దిగులుగా ఉన్నారు. మంత్రిగారు జిల్లాకు వస్తున్నారు. 'మీ సంస్థ అభివృద్ధికి ఏం చేసింది?' అని అడుగుతారని కబురొచ్చింది. సంస్థ చేసిన పనల్లా ఒక ప్రహరీగోడ, దాని మీద డైరెక్టరు గారి పేరు. అలాంటి సమయంలో బల్ల మీదికి 'మూషికాభివృద్ధి వలయ బీజసూత్రము' వచ్చి వాలింది. ఆయన అందులో నడిమి ముక్క ఒక్కటే చదివారు. చదివి పరంజ్యోతిని పిలిపించారు.

"అభివృద్ధికి జన్యువు ఉందని నాకు ముందుగా చెప్పలేదేమమ్మా?"

"సార్, ఇది కడుపులో బిడ్డ ఎదుగుదలకు సంబంధించింది. పెదవి రెండు వైపుల నుంచీ వచ్చి ఒకచోట కలవడానికి..."

"రెండు వైపుల వారూ వచ్చి ఒకచోట కలవడం. దాన్నే కదమ్మా మేము సమ్మిళిత అభివృద్ధి అంటున్నది" అని ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఇంత గొప్ప వస్తువును ఒక గదిలో, ఒక ఫ్రీజరులో, క్షమించాలి, అతిశీతల పేటికలో పెట్టడం ప్రజాధనాన్ని బంధించడమే అవుతుంది. ఇది ఇక మీ సొత్తు కాదు, ప్రజల సొత్తు."

పరంజ్యోతి అది కుదరదంది. ప్రాజెక్టు గడువు చెప్పింది, నూకరత్నం సంగతి చెప్పింది. ఆఖరికి బతిమాలింది. "చుక్క ఉన్నచోట గోరంత ముక్క కత్తిరించి ఇవ్వండి సార్. మిగతాదంతా మీరే ఉంచుకోండి. రేపు పొద్దుటికి ఆ గోరంత ముక్కతోనే జిల్లాకు సరిపడా చేసి ఇస్తాను."

"అభివృద్ధిలో కోత పెట్టమంటారా?" త్రివిక్రమరావు గారు లేచి నిలబడ్డారు. "ఈ మాట ఇంకెక్కడా అనకండి. పేపరు వాళ్ళు వింటే ఇద్దరి ఉద్యోగాలూ ఉండవు."

కాగితం గాజుపెట్టెలో కూర్చుంది. పెట్టెకు ఒక కానిస్టేబులు కాపలా. ఎండ పడకుండా చూడమని పరంజ్యోతి చెప్పింది. అభివృద్ధి వెలుగులో ఉండాలని డైరెక్టరు గారు దాన్ని కిటికీలో పెట్టించారు.

మంత్రిగారు వచ్చి సమీక్ష జరిపారు. జన్యువు సంగతి వినగానే ఆయన కళ్ళు చెమర్చాయి. తన ముప్ఫై ఏళ్ళ రాజకీయ జీవితంలో అభివృద్ధిని కళ్ళారా చూడటం ఇదే మొదటిసారి అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ తర్వాత అది ఎవరి నియోజకవర్గానికి వెళ్ళాలన్న ప్రశ్న వచ్చింది. ఎగువ మండలాల వాళ్ళు తమకంటే వెనకబడ్డ వాళ్ళు లేరన్నారు. దిగువ మండలాల వాళ్ళు వెనకబాటులో తాము ఎవరికీ తీసిపోమన్నారు. వెనకబాటు కోసం అంత హోరాహోరీగా ముందుకు దూకడం ఆ హాలు ఎన్నడూ ఎరగదు. కుర్చీలు లేచాయి. చివరికి కాలువల ఇంజనీరు గారు గొంతు సవరించుకుని పరిష్కారం చెప్పారు.

"అధ్యక్షా, సదరు వస్తువు నీటిలో కరుగుటకు అనుకూలమైనదిగా తెలియవస్తున్నది. కావున దానిని ప్రధాన కాలువలో తలలాకుల వద్ద విడుదల చేసిన యెడల, వంతులవారీ విధానములో మొత్తం ఆయకట్టుకు అభివృద్ధి సమానముగా పారగలదు."

చప్పట్లు మోగాయి. వెనక వరసలో ఉన్న, కాలువ చివరి శివారు భూముల రైతు ఒకాయన లేచాడు. "మాకు నీళ్ళే రావండి ఆయ్. అభివృద్ధి ఎక్కణ్ణించి వస్తదండి?" అన్నాడు. ఆయన్ని కూర్చోబెట్టారు.

పరంజ్యోతి ఆ రాత్రి నిద్రపోలేదు. చుక్కను నానబెట్టే గొట్టంలో నీళ్ళకూ కాలువ నీళ్ళకూ తేడా తెలియని వాళ్ళకు ఏం చెప్పి ఆపాలో ఆమెకు తోచలేదు. పొద్దున్నే లాకుల దగ్గరికి వెళ్ళింది. షామియానా వేశారు. 'మూషికాభివృద్ధి జలార్పణ మహోత్సవం' అని ఫ్లెక్సీ కట్టారు. అందులో మంత్రిగారి బొమ్మ నిలువెత్తు, కాగితం బొమ్మ లేదు. పురోహితుడు కాగితానికి పసుపు రాశాడు, కుంకుమ పెట్టాడు. సరిగ్గా చుక్క మీదే పెట్టాడు. చుక్క ఉన్నచోట బొట్టు పెట్టాలని ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

మంత్రిగారు కాగితాన్ని కాలువలో వదిలారు. వదిలితే మునగాలా? మునగలేదు. నాలుగు గజాలు తేలిపోయి గుర్రపుడెక్క తూడులో చిక్కుకుంది. ఒడ్డు నుంచి చెయ్యి చాపితే అందేంత దూరం. పరంజ్యోతి చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి మెట్లు దిగింది. ఒక్క అంచు తడవకుండా మిగిలినా చాలు అనుకుంది. కింది మెట్టు మీద కానిస్టేబులు లాఠీ అడ్డం పెట్టాడు.

"అభివృద్ధికి అడ్డం రాకండమ్మా."

ఇంజనీరు గారి మనిషి వెదురుగడతో కాగితాన్ని లోపలికి తోశాడు. నాదస్వరం మోగింది. పరంజ్యోతి అక్కడే మెట్ల మీద, పాదాలు నీళ్ళలో ఉండగా, ఏడ్చింది. మర్నాడు ఒక పత్రిక ఆ ఫొటో వేసి, కింద 'ఆనందబాష్పాలతో శాస్త్రవేత్త' అని రాసింది.

రెండో పంట, దాళ్వా వరి పొట్టకొచ్చింది. పొట్టకొచ్చిన చేలో ఎలుక పడటం డెల్టాలో కొత్త కాదు. తాతల నాటి నుంచీ బుట్టలు పెట్టి పట్టుకుంటూనే ఉన్నారు. కానీ ఈ ఏడు రైతులు చేను చూసి, కాలవ గట్టు మీది ఫ్లెక్సీ చూసి, రెండూ కలిపి చదివారు. మూషికాభివృద్ధి అంటే ఎలుకల అభివృద్ధి. సర్కారు వారు సాక్షాత్తూ మంత్రిగారి చేతుల మీదుగా ఎలుకలకు పథకం పెట్టారు. ఇంకేముంది, చచ్చిన ఎలుకల్ని తోరణం కట్టుకొచ్చి సంస్థ గేటుకు కట్టారు. "మాకు ఎరువు ఇవ్వమంటే లేదన్నారు. ఎలకలకి మందు పోసి పెంచుతారాండి?" అని అడిగారు. అడగరూ మరి? పేరు పెట్టిన వాళ్ళను వదిలేసి, చదివిన వాళ్ళను తప్పు పట్టగలమా?

విచారణకు ఏకసభ్య సంఘం వేశారు. విశ్రాంత న్యాయమూర్తి ఒకాయన వచ్చి కూర్చున్నారు. విచారించవలసిన అంశం ఒక్కటే: 'మూషికాభివృద్ధి' అనే సమాసానికి విగ్రహవాక్యం ఏమిటి?

రైతుల తరఫు వకీలు, మూషికము కొరకు అభివృద్ధి, కనుక చతుర్థీ తత్పురుషం, కుట్ర రుజువైనట్టే అన్నాడు. డైరెక్టరు గారు, మూషికము వలన అభివృద్ధి, పంచమి, సదుద్దేశం కనిపిస్తూనే ఉంది అన్నారు. సోమయాజులు గారు తాను షష్ఠిని ఉద్దేశించినట్టు చెప్పబోయి, డైరెక్టరు గారి మొహం చూసి, షష్ఠి పంచమికి మర్నాడే కదా అని సర్దుకున్నారు. పరంజ్యోతిని పిలిచారు.

"మీ వస్తువులో విభక్తి ఏది?"

"అది సమాసం కాదండీ. అది ఒక జన్యువు. దానివల్ల ఎలుకలు పెరగవు, జిల్లా పెరగదు. నాకు ఇంకో చుక్క తెప్పించి ఇవ్వండి, అదేం చేస్తుందో చేసి చూపిస్తాను."

"సాక్షి విభక్తి చెప్పకుండా దాటవేసినట్లు నమోదు చేయండి" అన్నారు న్యాయమూర్తి.

తీర్పు ఉభయతారకంగా వచ్చింది. చతుర్థి ప్రకారం ఎలుకలు అభివృద్ధి చెందాయి, అందుకు డాక్టర్ పరంజ్యోతి బాధ్యురాలు. పంచమి ప్రకారం జిల్లా అభివృద్ధి చెందలేదు, అందుకూ ఆమే బాధ్యురాలు. రెండింటికీ కలిపి ఒకే మెమో ఇస్తే చిన్నబుచ్చినట్టుంటుందని రెండు ఇచ్చారు. ప్రభుత్వం ఆ నివేదికను ఆమోదించేదాకా ఆ పేరుగల వస్తువేదీ తెప్పించరాదని కూడా ఆదేశించారు. ఇంకో చుక్క ఆశ అంతటితో ఆరిపోయింది.

మార్చి ఆఖరుకు డైరెక్టరు గారికి కొత్త దిగులు పట్టుకుంది. ఇంత రభస అయ్యాక ప్రాజెక్టు ఫలితం లేకుండా ముగిస్తే పరువు దక్కదు. సమావేశం పెట్టారు. ఫలితం ఏదమ్మా అన్నారు.

"ఫలితాన్ని మీరు కాలువలో వదిలారు" అంది పరంజ్యోతి. ఆవిడకు ఇక భయం మిగల్లేదు.

సోమయాజులు గారు చెయ్యెత్తారు. "ఆందోళన అనవసరం. ప్రాజెక్టు పేరు 'గ్రహణం మొర్రి: కారణ నిర్ధారణ'. పేరులోనే కారణం నిర్ధారణ అయి ఉండగా ప్రయోగమెందుకు? గ్రహణము వలన మొర్రి. పంచమీ తత్పురుషం. మొన్న సంఘం వారు ఆమోదించిన విభక్తే."

గదిలో అందరి తలలూ వంగాయి. సిగ్గుపడి కాదు, నమస్కారం పెట్టడానికి. త్రివిక్రమరావు గారు సోమయాజులు గారి చెయ్యి పట్టుకున్నారు.

"అది అబద్ధం సార్" అంది పరంజ్యోతి. "గ్రహణానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ ఇంట్లో తప్పు ఎక్కడుందో నాకు తెలుసు. ఒక్క పరీక్ష మిగిలింది. దీని మీద నేను సంతకం పెట్టను."

"సంతకం ఎవరడిగారమ్మా? మీ పేరు చాలు" అన్నారు డైరెక్టరు గారు దయగా.

కరపత్రం అచ్చయింది. పైన రాజముద్ర, కింద సంస్థ పేరు, నడుమ 'డాక్టర్ పరంజ్యోతి గారి పరిశోధనలో తేలిన సత్యాలు'. గ్రహణ సమయమున గర్భిణులు గడప దాటరాదు, కత్తిపీట ముట్టరాదు. అంగన్‌వాడీల ద్వారా ఇంటింటికీ పంచారు. సంస్థ చరిత్రలో చివరి గడపకు చేరిన ఫలితం అదొక్కటే. తన పేరు తీసేయమని పరంజ్యోతి రాసిన అభ్యంతరం, అందులో ప్లాస్మిడ్ అన్న పరభాషాపదం ఉన్నందున, వెనక్కి వచ్చింది.

ఉగాది వెళ్ళాక ఒక మధ్యాహ్నం నూకరత్నం వచ్చింది. తిట్టడానికి వచ్చిందేమో, తిడితే బాగుండు అనుకుంది పరంజ్యోతి. ఆమె తిట్టలేదు. బల్ల అవతల ఒద్దికగా నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కాగితం మా అత్త గోడకి అంటించిందండి. అన్నం మెతుకులతో అంటించింది, ఊడి రాదండి."

"అది నేను రాసింది కాదు నూకరత్నం."

"మీ పేరుందండి."

"పేరు వాళ్ళు వేసుకున్నారు. తప్పు నీది కాదమ్మా. వంకాయలదీ కాదు, గ్రహణానిదీ కాదు. నాకు ఖాయంగా తెలుసు."

"ఆ మాట ముద్రేసి కాగితం ఇస్తారాండి?"

పరంజ్యోతి బల్ల మీది చేతులు చూసుకుంది. పరీక్ష లేదు. చుక్క లేదు. ఇవ్వడానికి ఆమె దగ్గర రెండు మెమోలు ఉన్నాయి.

"ఇవ్వలేను."

నూకరత్నం తల ఊపింది. ఇలాగే అంటారని తెలిసే వచ్చినట్టుంది.

"మా అత్త అన్నప్పుడు అది ఇంట్లో మాటండి. నేనూ ఎదురనేదాన్ని. మా ఆయన నా పక్కే ఉండేవోడు, నువ్వూరుకోవే అమ్మా అనేవోడండి. ఇప్పుడది గవర్నమెంటు మాట అయిపోయింది. ఆ కాగితం ఒకటికి రెండుసార్లు చదివి, ఆయన కూడా మాట్టాడ్డం మానేశాడండి."

ఆమె కొంగు సర్దుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"తప్పు నాది కాదని మీరు ఎవరితోనూ అనకండమ్మా. కాగితం లేకుండా ఆ మాట ఇంటికి చేరిందంటే, ఈసారి నన్ను ఉంచరు."